కంటి చీటీ చదవడం మన పనే

మన ఇళ్ళల్లో కరెంటు బిల్లు చదివేవాళ్ళు ఉన్నారు. రేషన్ కార్డు, బస్సు బోర్డు, బ్యాంకు పాసుబుక్కు చదివేవాళ్ళూ ఉన్నారు. కంటి డాక్టరు ఇచ్చిన చీటీని మాత్రం ఎవరూ చదవరు. దాన్ని నాలుగు మడతలు పెట్టి కండ్లద్దాల డబ్బాలో దాస్తారు. అది డాక్టరు అద్దాల అంగడికి రాసిన ఉత్తరమనీ, మధ్యలో మనం మోసుకుపోయేవాళ్ళం మాత్రమేననీ మన నమ్మకం.

నా అభిప్రాయం వేరు. ఆ ఉత్తరం మన కంటి గురించి రాసింది. అందులోని మాటలు పట్టుమని పదిహేను ఉండవు. ఇంట్లో కనీసం ఒకరికైనా అవి తెలియాలి. ఆ ఒకరు ఎవరంటే, తెలుగు శాఖలో కూర్చుని మూడు భాషలతో రోజూ కుస్తీ పడుతున్న మనమే అంటాను. వేలూరులోనూ గుడియాత్తంలోనూ మన తెలుగువాళ్ళ సంగతి తెలిసిందే కదా. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆస్పత్రి కాగితం మీద ఇంగ్లీషు. ఒక మాట ఈ మూడు గడపలు దాటేలోపల ఎక్కడో ఒకచోట కాలు జారుతుంది. బట్టల అంగడిలో జారితే రంగు మారుతుంది, అంతే. కంటి ఆస్పత్రిలో జారితే చూపు పోవచ్చు.

ముందు 'సైట్' అనే మాటే చూడండి. ఇంగ్లీషులో సైట్ అంటే చూపు. మన ఇళ్ళల్లో "పాపకు సైట్ వచ్చింది" అంటే చూపు తగ్గిందని అర్థం. ఉన్నదాన్ని చెప్పే మాట మన నోట్లో పడి లేనిదాన్ని చెప్పే మాటయింది. (తమిళ సినిమా కుర్రాళ్ళ 'సైట్' వేరే. దానికి ఏ డాక్టరూ అద్దాలు రాయడు.) ఇందులో తప్పేమీ లేదు, భాష అట్లాగే బతుకుతుంది. కానీ "సైట్" అన్న ఒక్క మాటతో మనం ఆగిపోతాం. దూరానిదా దగ్గరదా, అద్దాలతో సరిపోయేదా లోపల జబ్బా అని అడగం. నాలుగు రకాల ఇబ్బందులకు ఒకటే పేరు పెడితే నాలుగింటికీ ఒకటే మందు అనుకుంటాం. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

సరే, చీటీ విప్పుదాం.

పైన ఆర్.ఇ., ఎల్.ఇ. అని ఉంటే కుడికన్ను, ఎడమకన్ను. అది మన కుడి, మన ఎడమ. డాక్టరు మనకు ఎదురుగా కూర్చుంటాడు కాబట్టి చాలా చీటీల్లో కుడికన్ను లెక్క కాగితానికి ఎడమపక్కన ఉంటుంది. కొందరు లాటిన్ పద్ధతిలో కుడికంటికి ఓ.డి., ఎడమకంటికి ఓ.ఎస్., రెండింటికీ కలిపి ఓ.యు. అని రాస్తారు. ఇక్కడ ఒక గుంట ఉంది, జాగ్రత్త. మామూలు మందుల చీటీలో ఓ.డి. అంటే రోజుకు ఒకసారి. బి.డి. అంటే రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు, హెచ్.ఎస్. అంటే పడుకునే ముందు. మరి కంటిచుక్కల పేరు పక్కన ఓ.డి. అని ఉంటే? కుడికంట్లో వెయ్యమనా, రోజుకు ఒకసారి వెయ్యమనా? ఈ రెండు అక్షరాలను పొరబడకండని మందుల భద్రత గురించి రాసేవాళ్ళు డాక్టర్లనే హెచ్చరిస్తారు. చదువుకున్నవాళ్ళకే ఆ గతి అయితే మా అవ్వ సంగతి చెప్పాలా? అందుకని చుక్కల మందు చేతికి రాగానే "ఏ కన్ను, రోజుకు ఎన్నిసార్లు, ఎన్నాళ్ళు" అని అడిగి, డబ్బా మీదే తెలుగులో రాసేసుకోవాలి.

తర్వాత వచ్చేవి అద్దాల లెక్కలు. 'స్ఫెరికల్' గడిలో మైనస్ ఉంటే దూరం మసక, ప్లస్ ఉంటే దగ్గర చూడడానికి కన్ను ఎక్కువ కష్టపడుతోందని స్థూలంగా అనుకోవచ్చు. ఆ అంకెను డయాప్టర్లలో కొలుస్తారు. ఇది మన పదో తరగతి ఫిజిక్సే. ఒకటిని, మీటర్లలో ఉన్న నాభ్యంతరంతో భాగిస్తే డయాప్టరు. మైనస్ 2 అంటే, అద్దాలు లేకుండా ఆ కంటికి స్పష్టంగా కనబడే హద్దు అర మీటరు. మైనస్ 4 అంటే పాతిక సెంటీమీటర్లు, అంటే దాదాపు మన పుస్తకం పట్టుకునే దూరం. ఆ హద్దు దాటితే లోకమంతా పొగమంచు. తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని పక్కపిల్ల నోట్సు చూసి రాసుకునే అమ్మాయిని "శ్రద్ధ లేదు" అని తిట్టేముందు ఈ లెక్క ఒకసారి గుర్తు చేసుకుంటే బాగుంటుంది.

'సిలిండర్' గడి చూసి గ్యాసు బండ గుర్తొచ్చి నవ్వుకుంటాం. కంటి ముందు గాజులాంటి భాగం క్రికెట్ బంతిలా అన్ని వైపులా ఒకేలా గుండ్రంగా కాకుండా, కోడిగుడ్డు పక్కభాగంలా ఒక దిక్కున ఎక్కువ వంపు తిరిగి ఉంటే గీతలు ఒక దిక్కున స్పష్టంగానూ ఇంకో దిక్కున అలుక్కుపోయినట్టూ కనబడతాయి. దాన్ని సరిచేసేదే సిలిండర్ అద్దం. ఆ అద్దాన్ని ఏ కోణంలో తిప్పి బిగించాలో చెప్పేది 'యాక్సిస్'. అందులో 90 అనీ 180 అనీ ఉంటుంది. అది పవరు కాదు, కోణం. "అయ్యో, మా బిడ్డకు నూటెనభై పవరంట" అని ఒక తల్లి అద్దాల అంగడిలోనే కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను చూశాను. ఆ అంకె ఏమిటో అరనిమిషంలో చెప్పేసేది. చెప్పేవాళ్ళు లేక ఆమె ఆ దిగులుతోనే బస్సెక్కింది.

ఇంక 'యాడ్' అన్న గడి. దగ్గరి చూపు కోసం అదనంగా కలిపే పవరు అది, నలభై దాటినవాళ్ళ చీటీలో కనబడుతుంది. దీనికి మన తెలుగు పేరు ఎంత బాగుందో చూడండి, చత్వారం. నలభై అనే లెక్కలోంచి పుట్టిన మాట. తమిళంలో దీన్నే వెళ్ళెళుత్తు అంటారు, అంటే తెల్ల అక్షరం. అక్షరం వెలిసిపోయినట్టు కనబడుతుందని. తెలుగువాడు వయసును చూసి పేరు పెట్టాడు, తమిళుడు కాగితాన్ని చూసి పెట్టాడు. రెండూ అనుభవంలోంచి వచ్చిన మాటలే కాబట్టి, చదువురాని ముసలమ్మకు కూడా చెప్పగానే అర్థమవుతాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

చీటీలో ఇంకో లెక్క ఉంటుంది, 6/6, 6/18, 6/60 అని. చాలామంది దీన్ని మార్కులనుకుంటారు. "ఆరుకు ఆరొచ్చింది" అని సంబరపడతారు. అది మార్కులు కాదు, దూరాలు. పైది మనం నిలబడిన దూరం, ఆరు మీటర్లు. కిందిది మామూలు కన్ను అదే అక్షరాన్ని చదవగలిగే దూరం. 6/18 అంటే మామూలు కన్ను పద్దెనిమిది మీటర్ల నుంచి చదివేదాన్ని మనం ఆరు మీటర్ల దగ్గరికి వస్తే తప్ప చదవలేం అని. హెర్మన్ స్నెల్లెన్ అనే డచ్చి డాక్టరు 1862లో ఈ అక్షరాల పట్టికను తెచ్చాడు. మన గోడల మీద ఇంకా అదే పద్ధతి నడుస్తోంది. అమెరికావాళ్ళు అడుగుల్లో కొలుస్తారు కాబట్టి 20/20 అంటారు, రెండూ ఒకటే. చూపు మరీ తక్కువైతే అంకెల బదులు అక్షరాలు రాస్తారు. సి.ఎఫ్. అంటే వేళ్ళు లెక్కపెట్టగలరు, హెచ్.ఎమ్. అంటే చెయ్యి ఊపితే తెలుస్తుంది, పి.ఎల్. అంటే వెలుతురు ఉందా లేదా తెలుస్తుంది.

ఈ అంకెల వెనక ప్రభుత్వ లెక్కలూ ఉన్నాయి. మన దేశంలో అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం 1976లో మొదలైంది. చాలాకాలం 6/60 కంటే తక్కువ చూపును అంధత్వంగా లెక్కపెట్టారు. 2017లో దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతకు సరిపెట్టి, మెరుగైన కంట్లో 3/60 కంటే తక్కువ ఉంటేనే అంధత్వం అన్నారు. కాగితం మీద ఒక అంకె మారితే ఎంతమంది ఒక వరుసలోంచి ఇంకో వరుసలోకి పోతారో ఆలోచించండి. అంకె తెలియనివాడికి తాను ఏ వరుసలో ఉన్నాడో కూడా తెలియదు.

ఇప్పుడు మన అమ్మాయిల సంగతి. 'పవర్' అన్న మాట మన పెండ్లిచూపుల్లోకి కూడా వచ్చేసింది. "పిల్ల బాగుంది, కానీ పవర్ అద్దాలంట." మగపిల్లాడు అద్దాలు పెట్టుకుంటే చదువుకున్నవాడు, ఆడపిల్ల పెట్టుకుంటే లోపమున్నది. అందుకని అద్దాలు రాయించుకొచ్చిన అమ్మాయిలు బ్యాగులో పెట్టుకుని తిరుగుతారు, ఇంటికొచ్చాక తీసేస్తారు. పెద్దవాళ్ళేమో "పెట్టుకునే కొద్దీ పవర్ పెరుగుతుంది" అని వంత పాడతారు. ఇది తప్పు. చిన్నవయసులో ఒళ్ళు పెరిగేటప్పుడు కొందరికి కంటిగుడ్డు మామూలుకన్నా పొడవుగా పెరుగుతుంది, అందుకే మైనస్ పెరుగుతుంది. అద్దాలు చేసేది వెలుతురును సరైన చోట పడేట్టు చెయ్యడమే. పిల్ల ఎదిగేకొద్దీ గౌను పొట్టిదవుతుంది. గౌను తొడిగినందుకే పిల్ల ఎదిగిందని ఎవరైనా అంటారా?

ఇంకో నమ్మకం దీనికన్నా చెడ్డది. మెల్లకన్ను అదృష్టమంట! చంటిబిడ్డకు కన్ను పక్కకు తిరిగి ఉంటే "లక్ష్మి" అని ముద్దు చేస్తారు. లోపల జరిగేది వేరు. రెండు కండ్లూ రెండు వేరే బొమ్మలు పంపితే పసిమెదడు ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది. ఆ పక్కన పెట్టిన కన్ను క్రమంగా చూడడం మరిచిపోతుంది. దీన్నే 'లేజీ ఐ' అంటారు. చిన్నప్పుడే పట్టుకుంటే అద్దాలతో, మంచి కంటికి కొన్ని గంటలు పట్టీ వేసి, రెండో కంటికి మళ్ళీ పని నేర్పిస్తారు. పెద్దయ్యాక చేస్తే కన్ను నిటారుగా కనబడవచ్చు గానీ చూపు అంతగా రాదు. అదృష్టమనుకుని ఆగిన ఆ నాలుగైదేళ్ళే చికిత్సకు పనికొచ్చే ఏళ్ళు.

ఇక పెద్దవాళ్ళ జబ్బులకు వద్దాం. మన ఇంటి మాటల్లో కొన్ని బంగారం లాంటివి. రేచీకటి అన్న మాటలో జబ్బు లక్షణమంతా ఉంది. కండ్లకలక కూడా అంతే. తమిళనాడులో దాన్నే 'మద్రాస్ ఐ' అంటారు. కానీ కొన్ని ఇంటి మాటలు దారి తప్పిస్తాయి. 'పొర' చూడండి. "కంట్లో పొర కమ్మింది" అంటే కన్ను పైన ఏదో పల్చటి తెర పడిందనీ, గోకితే పోతుందనీ, ఆకుపసరు పోస్తే కరుగుతుందనీ అనిపిస్తుంది. నిజానికి చెడేది కన్ను లోపల ఉండే కటకం. గాజు బిళ్ళ మసకబారినట్టు అవుతుంది. దాన్ని తీసి, దాని చోట చిన్న కృత్రిమ లెన్స్ పెడతారు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు మొదటిసారి అట్లా లెన్స్ అమర్చాడు. అంతకుముందు శుక్లం తీసేశాక సోడాబుడ్డి అద్దాలే గతి. ఇప్పుడు "ముదిరి పండేదాకా ఆగాలి" అన్న పాత మాట కూడా పనికిరాదు. రోజువారీ పనికి అడ్డమొస్తున్నప్పుడే చేయించుకోవచ్చు. మరీ ముదిరితే ఆపరేషన్ కష్టమవుతుంది కూడా.

'పువ్వు' అన్న మాట ఇంకా చిక్కు. "కంట్లో పువ్వు పూసింది" అని మనమూ అంటాం, తమిళులూ అంటారు. శుక్లానికీ అంటారు, కంటి ముందు గాజుభాగం మీద పడిన మచ్చకూ అంటారు. మొదటిదానికి లెన్స్ ఆపరేషన్ సరిపోతుంది. రెండోదానికి కొన్నిసార్లు దానమిచ్చిన కంటిలోంచి తీసిన కార్నియా కావాలి. ఒకే పువ్వు, రెండు వేరే చెట్లు.

మరి పుస్తకంలో మాటలు వాడితే సరిపోతుందా? మన శాఖలో కొందరు అట్లా అంటారు. "ఇంగ్లీషు మాటలు తీసేసి శుద్ధమైన తెలుగు పెడితే జనానికి అర్థమవుతుంది" అని. నాకు అంత నమ్మకం లేదు. కార్నియాకు మన పాఠ్యపుస్తకం పెట్టిన పేరు శుక్లపటలం. క్యాటరాక్టుకు అందరూ అనే పేరు శుక్లం. ఇవి రెండూ వేరు! "శుక్లపటలానికి దెబ్బ తగిలింది" అంటే శుక్లం వచ్చిందనే అనుకోరా? హ్రస్వదృష్టి, దీర్ఘదృష్టి పరీక్షకు బాగుంటాయి. మార్కుల కోసం నేనూ బట్టీ పట్టాను. హ్రస్వదృష్టి ఉన్నవాళ్ళకు దగ్గరిది కనబడుతుందా, కనబడదా అని మా వీధిలో పదిమందిని అడిగితే సగం మంది తలకిందులుగా చెప్పారు. తమిళంలో కిట్టప్పార్వై, తూరప్పార్వై అన్నప్పుడూ అదే తికమక. ఉన్న చూపును చెబుతోందా, లేని చూపును చెబుతోందా? అదే "దూరం మసక" అనండి, "దగ్గర మసక" అనండి. ఎవరూ పొరబడరు.

తెలుగు అకాడమి 1968లో పుట్టి, పాఠ్యపుస్తకాలకూ పదకోశాలకూ చేసిన సేవను నేను తక్కువ చెయ్యడం లేదు. పదకోశం చదువుకునేవాళ్ళకు కావాలి. కానీ ఆస్పత్రి వరండాలో టోకెన్ పట్టుకుని కూర్చున్న మనిషికి కావలసింది పర్యాయపదం కాదు, అర్థం. చత్వారం ఎందుకు బతికింది? ఎవరో కమిటీ వేసి పెట్టారని కాదు, అనుభవానికి అతికింది కాబట్టి.

మాట అతకకపోతే ఏమవుతుందో మా గుడియాత్తం వీధిలోనే చూశాను. పలమనేరు పక్క పల్లెలో పుట్టి ఇక్కడికి కోడలిగా వచ్చిన పెద్దమ్మ ఒకామె. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం తడుముకోకుండా మాట్లాడుతుంది, చదవడం ఏదీ రాదు. ఒక ఆస్పత్రిలో ఆమె కండ్లు చూసి "కణ్ణిలె ప్రెషర్ ఇరుక్కు, డ్రాప్స్ విడామ పోడణుం" అన్నారు. ఆమెకు అప్పటికే బీపీ ఉంది, మాత్ర వేసుకుంటోంది. ప్రెషర్ అంటే ఆమెకు తెలిసింది అదొక్కటే. "మాత్ర మింగుతానే ఉండా కదా, అదే కంటికీ సరిపోతాది" అనుకుంది. ఒక సీసా చుక్కలు అయిపోయాయి. నొప్పి లేదు, చూపూ బాగానే ఉన్నట్టుంది, ఇంకో సీసా కొనలేదు. ఏడాదిన్నర తర్వాత ఎడమపక్క తలుపు రెక్క తగులుకోవడం మొదలైంది. ఈసారి చూసిన డాక్టరు, పోయిన పక్కచూపు ఇంక రాదమ్మా, మిగిలింది కాపాడుకుందాం అన్నాడు.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. డాక్టరు అన్నది నిజం, ఆమె విన్నదీ ఆ మాటే. ఒక్క 'ప్రెషర్' రెండు దారుల్లో పోయింది, అంతే. బీపీ నెత్తురు గొట్టాల్లో ఉండే ఒత్తిడి. కంటి ప్రెషర్ వేరే. కన్ను లోపల నీరు ఊరుతుంది, సన్నని జాలి గుండా బయటికి పోతుంది. ఆ జాలి సరిగ్గా పనిచెయ్యకపోతే ఒత్తిడి పెరిగి, కంటినుంచి మెదడుకు పోయే నరం కొంచెం కొంచెంగా దెబ్బతింటుంది. మామూలుగా ఆ ఒత్తిడి 10 నుంచి 21 మధ్య ఉంటుంది. ఒత్తిడి ఆ హద్దులోనే ఉన్నా నరం దెబ్బతినేవాళ్ళూ ఉన్నారు. ఈ జబ్బు గ్లాకోమా, తెలుగులో నీటికాసులు అంటారు. ఎక్కువమందిలో నొప్పి ఉండదు, పక్కచూపు ముందు పోతుంది, ఎదుటి చూపు చివరిదాకా బాగుంటుంది. అందుకే మోసం చేస్తుంది. చుక్కలు పోయిన చూపును తేవు, ఉన్నదాన్ని కాపాడతాయి. ఈ ఒక్క వాక్యం ఆమెకు తెలుగులో ఎవరైనా చెప్పుంటే ఆమె రెండో సీసా కొనుండేది. ఇంకో సంగతి, ఈ జబ్బు రక్తసంబంధీకుల్లో వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి ఆమె కూతుళ్ళూ తోడబుట్టినవాళ్ళూ కండ్లు చూపించుకోవాలి. మాట తెలియకపోతే ఆ జాగ్రత్త కూడా వాళ్ళదాకా పోదు.

ప్రెషర్ లాంటిదే 'లేజర్'. ఒకటే మాట, నాలుగు పనులు. అద్దాలు వద్దనుకునేవాళ్ళకు చేసే లేసిక్‌లో లేజరుతో కార్నియా వంపును సరిచేస్తారు. శుక్లం ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకు లెన్స్ వెనక సంచి మసకబారితే, దానిలో కిటికీ తెరవడానికి ఇంకో లేజరు. "పొర మళ్ళీ వచ్చింది" అంటారే, అది ఇదే, శుక్లం మళ్ళీ రాదు. గ్లాకోమాలో నీరు పోయే దారికి ఇంకొకటి. షుగర్ వల్ల రెటీనా చెడినప్పుడు వేసేది నాలుగోది. ఈ నాలుగో దానిలోనే గుండె చెరువయ్యేది. "లేజర్ వేశారు, డబ్బులు పోసినాం, చూపు మాత్రం రాలేదు" అని తిట్టుకుంటూ మళ్ళీ పోవడం మానేస్తారు. ఆ లేజరు ఉన్న చూపు కారిపోకుండా ముఖ్యంగా కట్టే గట్టు. చెరువు నింపడం దాని పని కాదు. పక్కింటి అక్కకు లేసిక్ చేస్తే మర్నాటికి చూపొచ్చింది కదా అని పోల్చుకుంటే నిరాశ రాక ఏమవుతుంది? పెండ్లికి ముందు లేసిక్ అనుకునే మన స్నేహితురాళ్ళూ ఒకటి తెలుసుకోవాలి. పద్దెనిమిది దాటాలి, పవర్ కొంతకాలంగా మారకుండా ఉండాలి, కార్నియా తగినంత మందం ఉండాలి. చేయించుకున్నా నలభై దాటాక చత్వారం చత్వారమే.

"ఇదంతా చెప్పాల్సింది డాక్టర్లు కదా, మనకెందుకు" అని మీరనవచ్చు. చెప్పాల్సింది వాళ్ళే, కాదనను. కానీ గది బయట నూరు మంది ఉన్నప్పుడు ఒక్కొక్కరికి దొరికేది కొన్ని నిమిషాలే. పైగా అవతల కూర్చున్న డాక్టరుది కేరళ కావచ్చు, ఈశాన్యం కావచ్చు. వాళ్ళు కష్టపడి నేర్చుకున్న తమిళంలో చెబితే మనవాళ్ళు తెలుగు మనసుతో వింటారు. ఆ మధ్య ఖాళీలో ఎవరో ఒకరు నిలబడాలి.

ఈ ఊళ్ళకు అది కొత్త కూడా కాదు. వేలూరులో ఐడా స్కడర్ 1902లో మొదలుపెట్టిన మేరీ టేబర్ షెల్ ఆస్పత్రి చోటే ఇప్పుడు సి.ఎం.సి. వారి షెల్ కంటి ఆస్పత్రి. ఆమె ఆస్పత్రి దగ్గరే కూర్చోలేదు. వారం వారం గుడియాత్తం దారి పట్టి, చెట్ల కింద ఆగి రోగులను చూసేది. 1918లో ఆడవాళ్ళ కోసమే వైద్యబడి పెట్టింది. రోగి దగ్గరికి డాక్టరు పోవాలన్నది ఆ రోడ్డు నేర్పిన పాఠం. మాట కూడా అట్లాగే పోవాలి. 19వ శతాబ్దంలో యాళ్పాణంలో శామ్యూల్ ఫిస్క్ గ్రీన్ అనే అమెరికా డాక్టరు వైద్యశాస్త్రాన్ని తమిళంలోనే బోధించి, పుస్తకాలు తమిళంలోకి తెచ్చాడు. పరాయి దేశంవాడు ఆ పని చేశాడు. 1911లో చిత్తూరు జిల్లా విడిపోయేదాకా చిత్తూరూ గుడియాత్తమూ వేలూరూ ఉత్తర ఆర్కాటు అనే ఒకే జిల్లా. ఇప్పుడు మధ్యలో రాష్ట్రాల గీత ఉన్నా, చిత్తూరు పక్కనుంచి కండ్లు చూపించుకోవడానికి జనం ఇటే వస్తారు. వాళ్ళ మాట మనకొచ్చు, ఇక్కడి మాటా మనకొచ్చు.

కాబట్టి నేను అడిగేది చిన్న పని. ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు కండ్లద్దాల డబ్బాలోని ఆ చీటీ తీయండి. ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టి చదివి చెప్పండి. పెద్దవాళ్ళతో ఆస్పత్రికి పోతే నాలుగు ప్రశ్నలు అడగండి. జబ్బు కంట్లో ఏ భాగంలో ఉంది? ఈ మందు చూపు తెస్తుందా, ఉన్నది కాపాడుతుందా? ఏ కంట్లో, ఎన్నిసార్లు, ఎన్నాళ్ళు? మళ్ళీ ఎప్పుడు రావాలి, ఏం జరిగితే వెంటనే రావాలి? బయటికొచ్చాక ఇంకొక పని. "ఏం చెప్పినారు అవ్వా?" అని వాళ్ళ నోటితోనే తిరిగి చెప్పించండి. మాట ఎక్కడ జారిందో అక్కడే తెలిసిపోతుంది. పాత చీటీతో పాత చుక్కలు మళ్ళీ కొనుక్కోనివ్వకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే నెలల తరబడి వాడినప్పుడు కంటి ప్రెషర్ పెరగవచ్చు. పాపను పెద్దది చేసే చుక్కలు వేసే రోజు మీరూ వెంట పోండి. కొన్ని గంటలు కండ్లు మసకగా ఉంటాయి, ఒంటరిగా బస్సెక్కకూడదు.

మన శాఖ తరఫున ఒక్క కాగితం తయారు చేద్దాం. అటూ ఇటూ పెద్ద అక్షరాల్లో, ఇంటి తెలుగులో, చీటీలోని పదిహేను మాటలకూ అర్థాలు. కంటి డాక్టరు ఒకరికి చూపించి దిద్దించుకుని ఆ తర్వాతే జెరాక్స్ తీద్దాం. శాఖలో చేరాలనుకునేవాళ్ళు ఈ పత్రిక కింద మీ పేరు, తరగతి రాయండి. మీ ఇంట్లో, మీ ఊళ్ళో కంటి జబ్బులకు వాడే మాటలు ఏవైనా ఉంటే అవీ రాయండి. పొర, పువ్వు, మసక, మబ్బు, ఇంకా ఏవున్నా సరే. కాగితం మొదలయ్యేది ఆ మాటలతోనే.